చావు కబురు లేని పరామర్శ

ఉమ్ తన్నూస్ నల్లబట్టలు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దున్న ఎనిమిదింకా కాలేదు.

అద్లా వరండాలో ద్రాక్షాకులు ముందేసుకుని, బియ్యం మాంసం కలిపి చుట్టలు చుడుతోంది. పొరుగింటావిడ బట్టల రంగు చూసి గబగబా చేతులు తుడుచుకుంది.

"ఎవరు పోయారమ్మా?"

 ఉమ్ తన్నూస్ వెనక మెట్ల మీద ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళూ నల్లబట్టల్లోనే, ఎక్కాలో దిగాలో తెలియనట్టు ఆగిపోయారు.

"మాట్లాడవేం? మీ అత్తగారేనా?"

"మా అత్తకేం, గుండ్రాయిలా ఉంది," అంది ఉమ్ తన్నూస్. అంటూనే భోరుమంది. కొడుకు పేరుతో తల్లిని పిలవడం మా ఊరి పద్ధతి. "ఉమ్ మిల్హెమ్! నీకెవరూ చెప్పలేదా? ఇంట్లోవాళ్ళకే తెలీకుండా గోడకెలా అంటిస్తారే!"

"ఏ గోడకి? ఏం అంటించారు?"

"చర్చి గోడకి. మీ వాడి ఫొటో. కింద అమరుడు అని రాసుంది. పక్కన శిలువ."

అద్లా ముందు సగం చుట్టిన ఆకు అలాగే ఉండిపోయింది.

మా కఫర్‌లూజ్‌లో చావు కబురు కాగితం మీద వస్తుంది. శిలువ గుర్తుతో గోడ మీద పేరు పడిందంటే ఇంటింటికీ తిరిగి చెప్పక్కర్లేదు. చూసినవాళ్ళు ఇంటికెళ్ళి, బట్టలు మార్చుకుని, పరామర్శకి బయల్దేరతారు. ఉమ్ తన్నూస్ చేసింది అదే. ఆమె తప్పేమీ లేదు.

కాని ఈ ఇంట్లో మిల్హెమ్‌ని ఎవరూ 'పోయాడు' అనరు. 'రాలేదు' అంటారు. యుద్ధం చివరి రోజున, ఇరవై ఏళ్ళ సిపాయిని, కొండ మీది కాపలా చోటు నుంచి పొరుగు దేశం సైనికులు తీసుకెళ్ళి లారీ ఎక్కించారని, లారీ సరిహద్దు దాటి డమాస్కస్ వైపు వెళ్ళిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆ తరవాత పందొమ్మిదేళ్ళుగా ఒక చీటీ లేదు, శవం లేదు, సమాధి లేదు. అద్లా ఒక్కరోజు కూడా వాడి పేరున చచ్చినవాళ్ళకి చేయించే ప్రార్థన చేయించలేదు. చేయించమన్న మరదలితో పదేళ్ళు మాట్లాడలేదు.

"పొరపాటయి ఉంటుంది," అంది అద్లా చివరికి. "ముందు కూర్చోండి. వచ్చినవాళ్ళని నిలబెట్టడం బాగోదు."

*

అద్లా కూతురు నుహా గేటు తోసుకుంటూ వచ్చింది. బడికి వెళ్ళే దారిలోంచే వెనక్కి తిరిగినట్టుంది, భుజానికి సంచీ అలాగే ఉంది. చేతిలో గోడ నుంచి పీకిన కాగితం. జిగురు ఇంకా తడిగా ఉండి వేళ్ళకి అంటుకుంటోంది.

అన్నని పట్టుకెళ్ళినప్పుడు ఈ పిల్లకి పదిహేనేళ్ళు. ఇప్పుడు ఊరి బళ్ళో లెక్కలు చెబుతుంది. తండ్రి మీద కోపం వస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది. సెమాన్ భయపడేది దానికే.

సెమాన్ లోపలి గదిలో అద్దం ముందు ఉన్నాడు. అరవై నాలుగేళ్ళ మాజీ సార్జెంటు. సాయంత్రం నాలుగింటికి ఊరి హాల్లో తన ఒకప్పటి సేనాధిపతి జనరల్ నామాన్ షల్హూబ్ సభ. దానికి పొద్దున్నే కోటు మీద పతకాలు తగిలించుకుంటున్నాడు.

"నాన్నా, ఈ ఫొటో వాళ్ళకి ఎవరిచ్చారు?"

"తోమా అడిగాడు. ఈ చుట్టుపక్కల సిపాయిలందరి ఫొటోలూ పెడతామన్నాడు."

"సిపాయి అని లేదు ఇక్కడ. చదువు."

"కళ్ళజోడు ఎక్కడో పెట్టాను."

"నేను చదువుతాను, విను."

"వద్దు," అన్నాడు సెమాన్.

నుహా కాగితం కిందికి దించింది. తండ్రి అద్దంలోంచి తనని చూడ్డం లేదు, కోటు బొత్తాన్ని చూస్తున్నాడు. బొత్తం పెట్టే ఉంది.

"నీకు ముందే తెలుసా?"

 వరండాలో కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపించింది. ఇంకెవరో వచ్చారు.

*

తొమ్మిదిన్నరకి ముందుగది నిండింది. ఆడవాళ్ళు ఈ వైపు, మగవాళ్ళు ఆ వైపు. చర్చి కాపరి ఎవర్నీ అడక్కుండానే పికప్ వ్యానులో ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వాకిట్లో దింపేశాడు. చావింటికి చర్చి కుర్చీలు పంపడం వాడి డ్యూటీ. "గంట ఎప్పుడు కొట్టమంటారు?" అని అడిగి, అద్లా చూసిన చూపుకి వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

వంటింట్లో నుహా పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఎలా పెట్టను?"

మామూలు ప్రశ్నే. మామూలు రోజుల్లో వచ్చినవాళ్ళకి పంచదార వేసి ఇస్తాం. చావింట్లో చేదు కాఫీ ఇస్తాం, పలుకు కూడా వెయ్యం. ఇందులో ఏది ఇస్తే ఇంట్లో జరిగింది అదని ఒప్పుకున్నట్టు.

అద్లా పంచదార డబ్బా మూత తీసింది. గిన్నెలో ఒక చెంచా వేసింది, రెండు, మూడు వేసింది. నాలుగోది వేస్తుంటే నుహా చెయ్యి పట్టుకుంది.

"పాకం అయిపోతుందమ్మా."

"అవనీ. తాగనీ."

నల్లబట్టల్లో, నేల చూపులు చూస్తూ కూర్చున్న ఆడవాళ్ళకి తియ్యటి కాఫీ వచ్చింది. మొదటి గుక్కకి ఉమ్ తన్నూస్ కళ్ళు పెద్దవయ్యాయి. పక్కనావిడ కప్పులోకి చూసింది.  ఒకావిడ "దేవుడు వాణ్ణి..." అని మొదలుపెట్టి, తన సన్నిధికి చేర్చుకోవాలి అనాలో క్షేమంగా తీసుకురావాలి అనాలో తేల్చుకోలేక దగ్గింది.

"క్షేమంగా తీసుకురావాలి," అంది అద్లా, ఆవిడ మాట తనే పూర్తి చేసి.

"క్షేమంగా తీసుకురావాలి," అన్నారు అందరూ ఒక్కసారిగా, గండం గడిచినట్టు.

*

తోమా పదకొండింటికి వచ్చాడు. సెమాన్ తమ్ముడి కొడుకు, జనరల్ పార్టీకి ఊళ్ళో ఆఫీసు నడిపేవాడు. వాకిట్లో అన్ని కుర్చీలు చూసి మొహం వెలిగిపోయింది. తరవాత నుహాని చూసి ఆరిపోయింది.

"పెద్దమ్మా, ఒక్క మాట..."

"ఆ కాగితాలు ఎన్ని అంటించావు?" అంది అద్లా.

"నలభై. అంటే, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి పదకొండు మందివి. మీ ఒక్కరిదే కాదు. జనరల్ ఇవాళ అమరుల కుటుంబాలకి సన్మానం చేస్తారు. ముందు వరసలో మీకు కుర్చీ."

"మా వాడు అమరుడని నీకెవరు చెప్పారు?"

 తోమా సెమాన్ వైపు చూశాడు. సెమాన్ ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు, పతకాలు లేని మామూలు చొక్కాలో.

"సాయంత్రం దాకా ఓపిక పట్టండి పెద్దమ్మా. ఆరింటికి నేనే దగ్గరుండి తీయిస్తాను. ఇప్పుడు తీస్తే జనం ఏమనుకుంటారు?"

"జనం అనుకోవడానికి ఇంకేమైనా మిగిలిందా?" అని మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. ఉమ్ తన్నూస్ మొగుడు అబు తన్నూస్, కరెంటు పోతే ఊళ్ళో ఇళ్ళకి జనరేటరు కరెంటు అమ్మేవాడు. నాలుగేళ్ళ కిందట జనరల్ ప్రవాసం నుంచి తిరిగొచ్చిన రోజున ఈయనే కారు టాపు మీద నిలబడి బిగ్గరగా ఏడ్చాడు.

"పెద్దాయనా, ఇది పరామర్శ..." అన్నాడు తోమా.

"అదే నేనూ అడుగుతున్నా, ఎవరికి పరామర్శ? ఆ రోజు మా ఆవిడ బాల్కనీలోంచి రెండు కిలోల బియ్యం చల్లింది ఆయన మీద. పావురాలు మూడు రోజులు తిన్నాయి. ఎందుకు చల్లింది? మన పిల్లల్ని తెస్తానన్నాడు. దొంగల్ని జైల్లో పెడతానన్నాడు. ఇప్పుడా దొంగల పక్కనే కూర్చుని ఫొటో దిగుతున్నాడు. మన పిల్లల్ని పట్టుకుపోయినవాళ్ళ ఇంటికెళ్ళి విందు తిని వచ్చాడు. కరెంటు మంత్రి ఆయన పార్టీవాడే, నా జనరేటరుకి మాత్రం రోజుకి పద్దెనిమిది గంటలు పని. ఆయన రావడం వల్ల బాగుపడింది నేనొక్కణ్ణే."

కొందరు నవ్వబోయి ఆపుకున్నారు. తియ్యటి కాఫీ అయినా, గదిలో ఉన్నది నల్లబట్టలు.

"రాజకీయాలు మీకు అర్థం కావు," అన్నాడు తోమా.

"సెమాన్, నీకర్థమయ్యాయా?" అన్నాడు అబు తన్నూస్.

 ఇదివరకైతే సెమాన్ జనరల్ మీద ఈగ వాలనిచ్చేవాడు కాడు. ఇదే విషయం మీద పోయిన నెల ఇదే మనిషితో కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళాడు. ఇవాళ వింటూ నిలబడ్డాడు. అది అద్లా గమనించింది.

*

మధ్యాహ్నం ఫాదర్ అఫ్రామ్ వచ్చాడు. చంకలో తోలు అట్ట వేసిన లావుపాటి పుస్తకం. ఊళ్ళో పుట్టినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, పోయినవాళ్ళు అందరూ అందులోనే ఉంటారు. ఆయన అద్లాని వంటింట్లోకి పిలిచాడు. నుహా కూడా వెనకే వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అద్లా, నాకు నిన్న కోర్టు కాగితం వచ్చింది. రిజిస్టర్లో ఎక్కించమని. నేను ఎక్కించలేదు. తారీకు దగ్గర ఏం రాయాలో వాళ్ళు చెప్పలేదు. అది అడుగుదామని వచ్చాను."

"ఏం తారీకు ఫాదర్?"

ముసలాయన ఆమె మొహం చూశాడు. ఆయనకి అప్పుడు అర్థమయింది, ఈమెకి ఏమీ తెలీదని.

"మిల్హెమ్ చనిపోయినట్టు కోర్టు మంగళవారం ప్రకటించింది," అన్నాడు మెల్లగా. "ఇంటివాళ్ళు అర్జీ పెడితేనే ప్రకటిస్తారమ్మా. సెమాన్ సంతకం నేను చూశాను. చనిపోయిన సంగతి నమ్మకమైన మనిషి నోట విన్నానని ప్రమాణం కూడా చేశాడు."

అద్లా స్టూలు మీద కూర్చుంది.  పొయ్యి మీద ద్రాక్షాకుల గిన్నె ఉడుకుతోంది, దాన్ని దించాలని ఎవరికీ తోచలేదు.

"వాణ్ణి పిలు," అంది నుహాతో.

నాన్నని పిలవమనలేదు. వాణ్ణి అంది.

*

సెమాన్ లోపలికొచ్చి తలుపు మూశాడు. ఫాదర్ బయటికి వెళ్ళబోతే అద్లా ఆపింది.

"మీరు ఉండండి ఫాదర్. ఈయన ఇప్పుడు చెప్పేది ఇంకొకళ్ళు కూడా వినాలి."

"ఉమ్ మిల్హెమ్..."

"ఆ పేరు పెట్టి పిలవకు. మిల్హెమ్‌ని మంగళవారం చంపేశావుగా! ఇంక నేనెవరి తల్లిని? చెప్పు. నువ్వెవరి తండ్రివి?"

"అరవకు. బయట అందరూ ఉన్నారు."

"వాళ్ళని పిలిచింది నువ్వు!"

సెమాన్ సింకు అంచు పట్టుకున్నాడు. 

"మూడు వారాల కిందట జనరల్ నన్ను ఇంటికి పిలిపించాడు. ఆఫీసుకి కాదు, ఇంటికి. కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని, 'సెమాన్, డమాస్కస్ వెళ్ళినప్పుడు నేను స్వయంగా అడిగాను, మన పిల్లల్లో ఒక్కడు కూడా బతికి లేడు' అన్నాడు. 'సైనికుడిగా మాటిస్తున్నాను' అన్నాడు. ఇంకేం అడగను నేను?"

"ఎప్పుడు పోయాడని అడగాలి! ఎక్కడ పాతిపెట్టారని అడగాలి!"

"నోరు రాలేదు."

"ఇంటికొచ్చి నాకు చెప్పాలి."

"దానికీ రాలేదు," అన్నాడు సెమాన్. "రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ చెబుతాను అనుకునేవాణ్ణి. నువ్వు వాడి స్వెటర్లు ఎండలో వేస్తూ ఉండేదానివి."

నుహా గొంతు తగ్గించి అడిగింది. "అర్జీ ఎందుకు నాన్నా? చెప్పకపోతే చెప్పకపోయావు. కోర్టుకెందుకు వెళ్ళావు?"

"ఆయన అడిగాడు. ఈ ఫైళ్ళు తెరిచి ఉన్నంత కాలం అటువైపు వాళ్ళతో మాటలు ముందుకి సాగవన్నాడు. పదకొండు ఇళ్ళలో మొదటి సంతకం నాది అయితే మిగతావాళ్ళు కాదనరన్నాడు."

"అంటే నిన్ను చూపించి మిగతా పది మంది చేత పెట్టించాడు."

సెమాన్ తల ఊపాడు.

ఈ మనిషి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మొండివాడు, మంచివాడు. ఆ క్షణంలో మాత్రం ఆయన్ని చూస్తే జాలి కలగలేదని ఫాదర్ తరవాత నాతో అన్నాడు. ఫాదర్ మాట నేను నమ్ముతాను.

"జనరల్ అబద్ధం చెప్పడు," అన్నాడు సెమాన్. ఎవరూ అడక్కుండానే. "ముప్ఫై ఏళ్ళుగా తెలుసు నాకు. చెప్పడు."

*

నాలుగింటికి ఊరి హాల్లో రెండు వందల కుర్చీలు వేస్తే ముప్ఫై ఒక్క మంది వచ్చారు. అందులో పదకొండు మంది జనరల్ వెంట నగరం నుంచి వచ్చినవాళ్ళే. నాలుగేళ్ళ కిందట ఇదే హాలు చాలక జనం కిటికీలకి వేలాడారు.

ఊళ్ళో ఆ సమయంలో జనం ఉన్న చోటు ఒక్కటే. సెమాన్ ఇల్లు.

జనరల్‌ని అక్కడికే తీసుకెళదామన్న ఆలోచన తట్టినందుకు తోమా తనని తనే మెచ్చుకుని ఉంటాడు. నాలుగున్నరకి మూడు నల్ల కార్లు ఇంటి ముందు ఆగాయి. ఇద్దరు అంగరక్షకులు ముందు వచ్చారు, వెనక ఫొటోలు తీసేవాడు, వాడి వెనక జనరల్. డెబ్భై దాటిన మనిషి. కర్ర ఉన్నా నడక ఇంకా కవాతులాగే ఉంది.

పరామర్శకి పెద్దమనిషి వస్తే గది మొత్తం లేచి నిలబడుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, మోకాళ్ళకే తెలుసు. ఆ రోజు సగం మంది లేచారు. ఇంకో సగం మంది లేవబోయి, అబు తన్నూస్ కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం చూసి ఆగిపోయారు. లేచినవాళ్ళు కూర్చున్నవాళ్ళని చూసి సిగ్గుపడ్డారు. కూర్చున్నవాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూశారు.

జనరల్ అదేమీ గమనించనట్టు నేరుగా అద్లా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"అమ్మా, మీ బిడ్డ ఈ దేశం బిడ్డ. మిగిలినవాళ్ళు చల్లగా ఉండాలి."

అద్లా చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"జనరల్‌గారూ, ఫాదర్ పుస్తకం తెచ్చారు. తారీకు దగ్గర ఖాళీ ఉంది. మీ మాట నమ్మి మా ఆయన కోర్టులో ప్రమాణం చేశాడు. చెప్పండి, రాసుకుంటారు."

ఫొటోలు తీసేవాడు కెమెరా దించాడు.

"యుద్ధంలో తారీకులు ఎవరు రాసి పెట్టుకుంటారమ్మా?"

"పోనీ సంవత్సరం చెప్పండి. పట్టుకున్న ఏడే పోయాడా? ఐదేళ్ళకా? నిరుడా? నిరుడంటే, నేను వాడికోసం ఎదురుచూసిన పద్దెనిమిదేళ్ళూ వాడు బతికే ఉన్నాడన్నమాట. అది నాకు తెలియాలి."

జనరల్ తోమా వైపు చూశాడు. తోమా గోడ వైపు చూశాడు.

"ఎవర్ని అడిగారు మీరు?" అంది నుహా. "అక్కడ ఎవరు చెప్పారు? పేరు చెప్పండి చాలు."

"పిల్లా, ఆ ప్రయాణం రెండు దేశాల సంబంధాల గురించి. అలాంటి చోట ఒక్కొక్క ఇంటి సంగతి ఎత్తడానికి వీలుండదు."

"సీద్నా," అన్నాడు సెమాన్.

సిపాయిలు పై అధికారిని పిలిచే పిలుపు. ఉద్యోగం మానేసి పదిహేనేళ్ళయినా ఆయన నోట అదే వస్తుంది. ఎప్పుడు వచ్చాడో, ముందుగది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"సీద్నా, అడిగానన్నారు. నా చెయ్యి పట్టుకుని అన్నారు."

"నీ మనసు తేలికపడాలని అన్నాను సెమాన్. ఎన్నాళ్ళు మోస్తావు? నీ మంచికే చెప్పాను."

"అంటే అడగలేదా?"

"ఇది మాట్లాడే చోటు కాదు."

"అడిగారా లేదా, సీద్నా?"

జనరల్ జవాబు చెప్పలేదు. గదిలో యాభై మంది ఉన్నారు. ఆ జవాబు లేకపోవడం అందరూ విన్నారు. ఇంతసేపూ నిలబడి ఉన్నవాళ్ళలో ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన పక్కనాయన కూర్చున్నాడు. అలా ఒక్కొక్కరే, చప్పుడు లేకుండా అందరూ కూర్చున్నారు. చివరికి నిలబడి మిగిలింది జనరల్, ఆయన మనుషులు, సెమాన్.

"రేపు కోర్టుకి వెళతాను," అన్నాడు సెమాన్.  "నేను చేసింది దొంగ ప్రమాణమని చెబుతాను. ఎవరి మాట నమ్మి చేశానో కూడా చెబుతాను. మిగతా పది మందినీ వెంట తీసుకెళతాను."

జనరల్ దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించాడు కాని, గది అంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తగ్గించి లాభం లేదు.

"వెళ్ళు సార్జెంట్. వెళితే ఆ ఉదయం సంగతి కూడా అడుగుతారు. కొండ మీద పిల్లల దగ్గరికి ఎవరు వెళ్ళారో, వాళ్ళకి ఏం చెప్పారో. అది నీ భార్య ముందు చెప్పగలవా? ఆలోచించుకో."

అద్లా తల ఎత్తింది.

"ఏ ఉదయం? ఆ రోజు నువ్వు రేవు దగ్గర ఉన్నానన్నావు కదా."

సెమాన్ భార్య వైపు తిరిగాడు. పందొమ్మిదేళ్ళు నోట్లో దాచుకున్నది ఒకేసారి పైకి వచ్చినట్టు ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"రేవు దగ్గర లేను అద్లా. కొండ మీదే ఉన్నాను. రేడియోలో ఈయన మాట్లాడాడు. అంతా అయిపోయింది, ఆయుధాలు కింద పెట్టి బయటికి రండి, మీ ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు, నేను మాట తీసుకున్నాను అన్నాడు. పిల్లలు నమ్మలేదు. లోపల్నుంచి రామన్నారు. వెనక దారిన లోయలోకి దిగిపోతామన్నారు. దారి తెరిచే ఉంది. వాళ్ళకి చెప్పి బయటికి తీసుకురావడానికి నన్ను పంపారు. వెళ్ళాను. మిల్హెమ్‌కి తుపాకీ కింద పెట్టమని చెప్పింది నేనే."

 ఉమ్ తన్నూస్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఇన్నేళ్ళూ ఈయన ఆ మనిషిని వెనకేసుకొచ్చింది ఎందుకో అప్పుడు మాకు తెలిసింది. జనరల్ మాట అబద్ధమైతే, ఆ మాట మోసుకెళ్ళి కొడుకు చేతిలో పెట్టింది తనే. దాన్ని ఒప్పుకోవడం కన్నా వీధిలో అందరితో కాలర్లు పట్టుకోవడం ఆయనకి సుఖంగా ఉండేది.

అద్లా లేచింది. అరుస్తుందనుకున్నాం, కొడుతుందనుకున్నాం. ఆమె మొగుడి ఎదురుగా వచ్చి నిలబడి, పక్కింటి కబురు అడిగినట్టు, చాలా మామూలుగా అడిగింది.

"వాడు ఏమన్నాడు?"

"అద్లా..."

"నువ్వు పెట్టెయ్యమన్నప్పుడు వాడు ఏదో ఒకటి అనుంటాడు కదా. ఏమన్నాడు?"

సెమాన్ కళ్ళు మూసుకున్నాడు.

"'నిజమేనా నాన్నా?' అన్నాడు. 'జనరల్ మాట' అన్నాను. పెట్టేశాడు."

అద్లా తల ఊపింది, చాలాసార్లు ఊపింది. ఆ ఒక్క మాటా లోపల భద్రపరుచుకుంటున్నట్టు పెదవులు కదిపింది. పందొమ్మిదేళ్ళలో కొడుకు దగ్గర్నుంచి ఆమెకి అందిన మొదటి కబురు అదే.

తరవాత చెయ్యి ఎత్తి వీధి తలుపు చూపించింది.

జనరల్ వెళ్ళిపోయాడు. ఆయన వెనక తోమా, అంగరక్షకులు, ఫొటోలు తీసేవాడు వెళ్ళిపోయారు. కార్లు కదిలిన చప్పుడు వినిపించింది. అద్లా చెయ్యి ఇంకా తలుపు వైపే ఉంది. ఆమె సెమాన్‌నే చూస్తోంది.